ఒక్క పోగు తప్పు

మా అత్త చేసే పని కనబడదు. కనబడితే అది పనే కాదంటుంది. "కనిపించిందంటే అది అతుకు. కనిపించకపోతేనే రఫ్ఫు" అని, నేర్చుకుంటామని వచ్చిన వాళ్ళందరికీ మొదటిరోజే చెప్పేది. వాళ్ళు రెండో వారానికల్లా మొహం చాటేసేవాళ్ళు. కంటికి కనబడని పనికోసం రోజుకు ఎనిమిది గంటలు మెడ వంచుకుని కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? నాకూ లేదు. అందుకే కళ్ళజోళ్ళ దుకాణంలో చేరాను.

అత్త అంటే మా నాన్నకు అక్క. నాకు మూడేళ్ళప్పుడు మా అమ్మ పోతే, అప్పటికే భర్త పోయి ఒంటరిగా ఉన్న అత్త, ఒక చేత్తో సూదుల డబ్బా, ఇంకో చేత్తో బట్టల సంచీ పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. ముందు గదిలో కిటికీ కింద బల్ల వేయించుకుంది. కోటుకు సిగరెట్టు కాలినా, శాలువాకు మేకు తగిలినా ఆ బల్ల మీదికే వచ్చేవి. ఆ బట్ట లోపలి మడతల్లోంచే, ఎవరూ చూడని చోటు నుంచి, పోగులు ఒక్కొక్కటిగా లాగి, వాటితోనే చిల్లు మీద మళ్ళీ నేస్తుంది. సూది ఒక పోగు పైనుంచి, ఒక పోగు కిందనుంచి. అంతా అయ్యాక ఆ బట్ట నేసినవాడు వచ్చి చూసినా చిల్లు ఎక్కడుండేదో చెప్పలేడు.

పనంతా లాండ్రీ నుంచి వస్తుంది. ఎవరి బట్టో అత్తకు తెలియదు. లాండ్రీవాళ్ళు ఒక్కో మనిషికి ఒక్కో నంబరు ఇచ్చి, ఆ నంబరూ తేదీ చెరగని సిరాతో గుడ్డచీటీ మీద రాసి కాలరు లోపల కుట్టి పంపుతారు. అత్త ఆ చీటీ ఊడదీసి పని మొదలుపెడుతుంది. పేరు తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు. "ఎవరిదో తెలిస్తే చేతికి మర్యాదైనా వచ్చేస్తుంది, కోపమైనా వచ్చేస్తుంది. రెండూ పని చెడగొడతాయి" అంటుంది. ఊడదీసిన చీటీలను మాత్రం పారేయదు. గుండుసూదులు గుచ్చుకునే చిన్న దిండులో కూరుతుంది. దూది దండగట. దిండు నిండితే మూతి కుట్టేసి ఇంకోటి మొదలుపెడుతుంది. ఆవిడ పిసినారితనం మీద నేనూ నాన్నా వేసుకోని జోకు లేదు.

ఇక నాన్న. ఊళ్ళో ఆయన పేరు "నిర్దోషి". ఎవరూ గౌరవంగా పెట్టిన పేరు కాదది. నాకు ఐదేళ్ళప్పుడు నాన్న గోనెసంచుల గిడ్డంగిలో కాపలాదారు. ఒక సాయంత్రం గిడ్డంగి అంటుకుంది. లోపల పడుకుని ఉన్న హమాలీ ఒకతను చనిపోయాడు. బయట తాళం వేసి ఉంది. తాళంచెవి నాన్న దగ్గర ఉంది. యజమాని మీద కోపంతో నాన్నే అంటించాడన్నారు. రెండేళ్ళు కేసు నడిచింది. సాక్ష్యం చాలలేదని, నిర్దోషి అని వదిలేశారు. కోర్టు వదిలింది కానీ ఊరు వదల్లేదు. నాన్న టీకొట్టుకు వెళితే "నిర్దోషిగారొచ్చారు, కుర్చీ వెయ్యండి!" అని ఎవడో ఒకడు అనేవాడు. మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. కుర్చీ మాత్రం ఎవరూ వేసేవాళ్ళు కాదు. నిప్పు లేనిదే పొగ రాదనే సామెత నాకు అందరికన్నా ముందే వచ్చేసింది. బళ్ళో పిల్లలు నేర్పారు.

చనిపోయిన హమాలీ తమ్ముడికి మా వీధి చివరే సైకిళ్ళు బాగుచేసే కొట్టుంది. నాన్న దాని ముందునుంచి నడవగా నేను చూడలేదు. పంతొమ్మిదేళ్ళుగా వెనక సందులోంచి చుట్టు తిరిగి వెళ్ళేవాడు.

పోయిన ఏడాది కొత్త చట్టం మాట మొదలైంది. మనిషి ప్రాణం పోయిన కేసుల్లో, నిర్దోషిగా బయటపడినవాళ్ళను కూడా, కొత్తగా గట్టి సాక్ష్యం దొరికితే ఒకే ఒక్కసారి మళ్ళీ విచారించవచ్చట. నేను మంచిదే అన్నాను. నా వయసులో నోరు ఆగదు కదా.

"నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు కదత్తా. తెలిశాక కూడా కోర్టు కళ్ళు మూసుకుని కూర్చోవాలా?"

"నిలకడంటే ఎన్నేళ్ళే?" అంది అత్త, సూది మీద నుంచి కళ్ళు ఎత్తకుండా. "ఇరవయ్యా? నలభయ్యా? వాడు చచ్చేదాకానా? ఉతికిన బట్టను మళ్ళీ మళ్ళీ బండకేసి బాదితే మురికి పోదు, బట్ట పోతుంది."

"మరి చేసి తప్పించుకున్నవాడు?"

"రెండోసారి ఛాన్సు ఉందంటే పోలీసులు మొదటిసారి సరిగ్గా వెతుకుతారా? అయిన కేసు అయిపోయినట్టే. అలా లేకపోతే ఏ మనిషీ కంటినిండా నిద్రపోలేడు."

నాన్న భోజనం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆవిడ వాదించేది చట్టం గురించి కాదనీ, తమ్ముడి గురించనీ నాకు అప్పుడు వెలిగింది. సిగ్గేసింది. అయినా నా అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు.

చట్టం వచ్చింది. చలికాలం కూడా వచ్చింది. పెట్టెల్లోంచి ఉన్ని బట్టలు బయటికొచ్చే కాలం కాబట్టి అత్తకు ఊపిరాడదు. ఒక సోమవారం లాండ్రీ నుంచి బూడిదరంగు కోటు వచ్చింది. చేపముల్లులా ఒక వరస ఇటూ ఒక వరస అటూ వాలి ఉండే నేత. వీపు మీద నాలుగైదు చోట్ల పురుగు కొట్టింది. దాన్ని వెలుగులో పెట్టి చూస్తున్న అత్త ఉన్నట్టుండి పకపకా నవ్వింది.

"ఇలా రావే! నా తప్పు నన్ను వెతుక్కుంటూ వచ్చింది."

కోటు కుడి చేతి మీద, మణికట్టుకు జానెడు పైన వేలు పెట్టి చూపించింది. నాకేమీ కనబడలేదు. దుకాణం నుంచి తెచ్చిన భూతద్దం పెట్టి చూస్తే, చాలాసేపటికి, ఒక్కచోట ముల్లు వాలవలసిన వైపు కాకుండా ఒక్క పోగు ముందే వెనక్కి తిరిగినట్టు కనిపించింది.

"గుర్తుందా? నీకు కామెర్లు వచ్చి ఈ గదిలోనే పడుకున్నావు. పసుపు కళ్ళేసుకుని రోజంతా ఈ కోటునే చూసేదానివి. తొమ్మిది రోజులు చేశాను. ఆఖరి రోజు చూసుకుంటే ఒక్క పోగు తప్పింది. లాండ్రీవాడు అర్జెంటు అర్జెంటని గుమ్మంలో నిలబడ్డాడు. ఇచ్చేశాను. పదకొండేళ్ళుగా అది నన్ను తింటూనే ఉంది. ఈసారి సరిచేస్తాను."

నాకు గుర్తుంది. అంత పెద్ద చిల్లును అంతకుముందు నేను చూడలేదు. చిలక ముక్కులా వంకర తిరిగి, ఒక కొస చీలి ఉండేది.

మర్నాడు పొద్దున నాన్న పేపరు తెచ్చాడు. కొత్త చట్టం కింద మళ్ళీ తెరిచే అవకాశమున్న పాత కేసులంటూ ఒక పేజీ నిండా వేశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తన పేరు ఉందేమోనని నాన్న పైనుంచి కిందకి మూడుసార్లు చదివాడు. లేదు. అయినా నమ్మకం కుదరక అత్తకిచ్చాడు. "నువ్వొకసారి చూడక్కా."

అత్త సూదిలో దారం ఎక్కించుకుని ఆ ఒక్క పోగూ విప్పబోతోంది. తమ్ముడి కోసం సూది పక్కన పెట్టి పేపరు అందుకుంది. చూస్తూ చూస్తూ పేజీ మధ్యలో ఆగిపోయింది.

అక్కడ ఒక బొమ్మ ఉంది. పదకొండేళ్ళ కింద మేడమెట్ల మీదనుంచి పడి చనిపోయిన టైపిస్టమ్మ పిడికిట్లో దొరికిన గుడ్డముక్క. బూడిదరంగు, చేపముల్లు నేత, చిలక ముక్కు ఆకారం. ఆవిడ పక్కవాటాలో ఉండే పళ్ళ డాక్టరుకూ ఆవిడకూ ఇంటి విషయమై గొడవలుండేవి. ఆయన తోసేశాడని కేసు పెట్టారు. ఆయన కోటూ అలాంటిదే. కానీ రెండు వారాల తర్వాత పోలీసులు పట్టుకొచ్చేసరికి కోటుకు ఎక్కడా చిరుగు లేదు. పరీక్షించినవాళ్ళు లోపల మడతలు విప్పి చూడలేదు. ముక్క ఈ కోటుది కాదన్నారు. డాక్టరు నిర్దోషి అయ్యాడు.

అత్తకు ఇదేమీ తెలియదు. నాన్న కేసు తర్వాత పేపర్లో కోర్టు వార్తలు చదవడం మానేసింది. తను తొమ్మిది రోజులు కళ్ళు కాయలు కాచేలా మాయం చేసింది ఒక చిల్లునని మాత్రమే అనుకుంది.

కోటు గురువారానికి ఇచ్చేయాలి. మూడు రోజులు. ఆ మూడు రోజులూ మా ఇంట్లో సూది కింద పడితే వినబడేది.

"ఏం చేస్తావత్తా?" అన్నాను నేను, మంగళవారం మధ్యాహ్నం.

"నేను నోరు విప్పితే ఈ ఊళ్ళో కొత్త చట్టం కింద మొదటి కేసు ఇదే అవుతుంది. తలుపు ఒకసారి తీశాక ఎవరొస్తారో మన చేతిలో ఉండదు. ఇవాళ ఆయన, రేపు మీ నాన్న. అంతా వింత చూస్తారు. అయినా, ఒకరి బట్టలో రంధ్రం ఉందని ఇంకొకరికి చెప్పడం నా వృత్తి కాదు."

"ఆ పోగు సరిచేస్తావా మరి?"

సూదిలో దారం అలాగే ఉంది.

నిజం చెప్పాలంటే నేనూ అప్పుడు వెనకాడాను. వాదించేటప్పుడు చట్టం అందరిదీ. ఇంటికొచ్చేసరికి అది మా నాన్న మెడ మీద కూర్చుంది. లాండ్రీకి ఇచ్చేసి ఊరుకుంటే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

బుధవారం సాయంత్రం భోజనాల దగ్గర నాన్న ఆ పేపరు మళ్ళీ తెచ్చాడు. టైపిస్టమ్మ కూతురు లైబ్రరీలో పనిచేస్తుంది. ఆవిడ మాటలు కింద వేశారు. నాన్న పైకి చదివాడు. "నాకు ఎవరి మీదా పగ లేదు. ఆ మెట్ల మీద ఏం జరిగిందో ఎవరైనా ఒక్కసారి చెబితే చాలు."

పేపరు మడిచి, "ఆ కోటు కోర్టుకి ఇచ్చెయ్యక్కా" అన్నాడు.

"నీకు మతుండే మాట్లాడుతున్నావా? రేపు నీ కేసు తిరగదోడితే?"

"తోడనీ." ఆయన గొంతు ఎప్పటికన్నా నెమ్మదిగా ఉంది. "ఈ పంతొమ్మిదేళ్ళూ నాకు వండిపెట్టావు. నా తరఫున ఊరంతటితో పోట్లాడావు. నన్ను మాత్రం ఒక్కసారీ అడగలేదు."

"ఏమడగాలి?"

"చేశావా అని."

"నమ్మకం ఉంది కాబట్టి అడగలేదు."

"నమ్మకమో భయమో నాకెలా తెలుస్తుందక్కా?"

అత్త ముద్ద కంచంలో వదిలేసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు రావడం నేను అప్పుడే చూశాను. అప్పుడు అడిగింది. "చేశావా?"

"నిప్పు నేను పెట్టలేదు. ఎలా అంటుకుందో ఇప్పటికీ తెలీదు. కానీ తాళం వేసేముందు లోపల చివరి వరస దాకా వెళ్ళి, ఎవరైనా ఉన్నారా అని కేకేసి రావాలి. రోజూ వేసేవాణ్ణే. ఆ రోజు తలనొప్పి. గుమ్మంలో నిలబడి ఒక చూపు చూసి, తాళం వేసి టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పొగ. కోర్టులో అడిగారు. లోపలంతా చూసే తాళం వేశానని చెప్పాను. అతను తర్వాత వెనక కిటికీలోంచి దూరి ఉంటాడని వకీలు అన్నాడు. నేను తలూపాను."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఆ రోజు మా ఇంట్లో అది పడింది. నాన్న మీద నాకు కోపం వచ్చింది. ఆయన్ని పట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చేయలేదు. కంచాలు తీశాను.

అత్త చెయ్యి కడుక్కుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "రేపు కోర్టుకి వెళ్తున్నాను. ఆ కోటు సంగతి నాది కాబట్టి నేను చెప్తాను. నీ సంగతి ఎవరికీ చెప్పను. అది నీ నోటితో నువ్వు చెప్పాల్సింది, ఎవరికి చెప్పాలో వాళ్ళకి."

తర్వాత బల్ల దగ్గర కూర్చుని సూదిలోంచి దారం లాగేసింది. మూతి కుట్టేసిన పాత దిండ్లు డబ్బాలోంచి తీసింది. రెండో దిండు విప్పితే గుడ్డచీటీలు కుప్పగా పడ్డాయి. ముగ్గురం కూర్చుని వెతికాం. చీటీ దొరికింది. నంబరు ఇప్పుడు కోటుతో వచ్చిన నంబరే. తేదీ టైపిస్టమ్మ పోయిన రెండో రోజు. అత్త పిసినారితనం మీద ఇక జోకులు వేయనని అప్పుడు ఒట్టు పెట్టుకున్నాను.

కోర్టులో విచారణ రెండు నెలల తర్వాత వచ్చింది. కేసు మళ్ళీ తెరవాలా వద్దా అనేదే ఆ రోజు తేల్చేది. డాక్టరు ముందు వరసలో కూర్చున్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. తన బూట్ల వంకే చూసుకుంటున్నాడు. ఆయన్ని చూస్తే నాకు నాన్న గుర్తొచ్చాడు. జాలి వేసింది. వేయకూడదని నేనేమీ అనుకోలేదు.

డాక్టరు తరఫు వకీలు కోటు చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు. "ఇక్కడ చిల్లు అన్నదే లేదు. ఉండేదన్న గుర్తు కూడా లేదు" అన్నాడు గట్టిగా.

"థాంక్సు బాబూ" అంది అత్త.

జడ్జిగారు నవ్వు ఆపుకోవడానికి దగ్గారు. తర్వాత ఆవిడనే అడిగారు. "మీరు తప్ప ఎవరూ చూడలేని దాన్ని మేమెలా నమ్మాలమ్మా?"

"విప్పి చూపిస్తానండి."

అన్నివైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నాక, ఇరుపక్షాల వాళ్ళూ తల దగ్గర తల పెట్టి చూస్తుండగా విప్పింది. నేను భూతద్దం పట్టుకున్నాను. తప్పు పడిన పోగు మొదట లాగింది. దాని వెనకే మిగతావి ఒక్కొక్కటే వచ్చాయి. తొమ్మిది రోజుల పని పావుగంటలో పోయింది. తన జన్మలో అంత బాగా ఇంకోటి చేయలేదని ఆవిడే చాలాసార్లు అనేది. చివరి పోగు వచ్చేసరికి చిలక ముక్కులాంటి చిల్లు బయటపడింది. గాజుపెట్టెలోని గుడ్డముక్క తెచ్చి పెడితే సరిగ్గా కూర్చుంది. చీలిన కొసతో సహా.

వకీలు ఊరుకోలేదు. కోటు వేరేచోట చిరిగి ఉండవచ్చన్నాడు, పడిపోతున్న మనిషి ఆసరాకు పట్టుకుని ఉండవచ్చన్నాడు. ఉండవచ్చు. అది తేల్చడానికే కేసు మళ్ళీ తెరవమని జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. ఇప్పుడది నడుస్తోంది. డాక్టరు తోశాడో లేదో నాకు తెలియదు. చిల్లు ఉందని మాత్రం తెలుసు. చిల్లు ఉన్నప్పుడు లేదన్న తీర్పు ఎన్నేళ్ళయినా ఒక మనిషికి నిద్ర పట్టనివ్వదని కూడా తెలుసు. దానికీ, అత్త అన్న బండకేసి బాదడానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో నన్నడిగితే ఇప్పుడు అంత టకటకా చెప్పలేను.

బయటికి వస్తుంటే టైపిస్టమ్మ కూతురు ఎదురొచ్చింది. దణ్ణం పెడుతుందనుకున్నాను. ఆవిడ అత్త చేతుల వంక చాలాసేపు చూసింది.

"అంత బాగా ఎందుకు కుట్టారండీ?" అంది.

అత్త, "నాకు అలాగే వచ్చమ్మా" అంది. ఆ తర్వాత నుంచి ఏది రఫ్ఫు చేసినా, లోపలివైపు ఒక ఎర్ర పోగు వేస్తోంది. ఎప్పుడైనా ఎవరైనా అడిగితే చూపించడానికట.

ఆ రోజు నాన్న కూడా మాతో కోర్టుకు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. విడుదలయ్యాక ఆ భవనంలో అడుగుపెట్టడం అదే మొదలు. తిరిగొస్తూ మా వీధి చివర మలుపులో ఆగాడు. ఎప్పటిలా వెనక సందులోకి తిరగలేదు. "మీరు పదండి" అని తిన్నగా నడిచాడు. ఎదురుగా సైకిళ్ళ కొట్టతను చక్రం విప్పుకుంటూ కూర్చుని ఉన్నాడు.

మేం ఇంటికొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాం. అక్కణ్ణుంచి కొట్టు కనబడదు. అయినా నిలబడ్డాం. ఆ కొట్టతను నాన్న మీద చెయ్యి చేసుకుంటాడేమోనని నాకు భయం. రేపే పోలీసుల దగ్గరికి వెళతాడేమోనని భయం. వెళితే తప్పని అనడానికి నాకు నోరు లేదు. గంట గడిచింది. అత్త అన్నం వండి, కంచం పెట్టి, మూత వేసి, మళ్ళీ వచ్చి నిలబడింది.

నాన్న ముందు వీధిలోంచే తిరిగొచ్చాడు. చేతులకు నూనె మరకలున్నాయి. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, బల్ల పక్కన నిలబడ్డాడు.

"చెప్పావా?" అంది అత్త.

"అంతా చెప్పాను. కోర్టులో కూడా ఇదే చెప్తావా అన్నాడు. చెప్తానన్నాను."

"అంతేనా? ఇంకేమీ అనలేదా?"

"అంతకు ముందు, నేనింకా మొదలుపెట్టకముందు... కూర్చోమన్నాడక్కా. తన స్టూలు ఇటు జరిపి, కూర్చోమన్నాడు."